ఆ గాజుపెట్టె తెరిపించండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని చరిత్ర, సంస్కృతం, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ అధ్యాపకులకు, పురావస్తు రంగంలో పనిచేస్తున్నవారికి, ప్రధానోపాధ్యాయులకు, రెండు జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను రేణిగుంట రోడ్డులో చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుకొంటున్నాను. గేర్లు కోయడం నా వృత్తి. కొన్ని నెలలుగా మన రెండు జిల్లాల్లో ఊరూరా తిప్పుతున్న ఒక యంత్రం గురించి ఈ లేఖ రాస్తున్నాను. దీని మీద ఇప్పటికే అర్జీ ఇచ్చాం. ఒకచోట మా పరిధిలోకి రాదన్నారు. ఇంకోచోట, నష్టపోయినవాళ్లు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలన్నారు. నష్టపోయినవాళ్లేమో ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని నోరు విప్పడం లేదు. అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను.

సంగతి ఇది. కల్యాణ మండపాల్లో, కొన్ని స్కూళ్ల ఆవరణల్లో ‘ప్రాచీన గ్రహ యంత్రం’ పేరుతో ఒక ప్రదర్శన పెడుతున్నారు. గాజుపెట్టెలో జానెడు ఎత్తున ఇత్తడి యంత్రం, చుట్టూ పూలదండ, ముందర దీపం. చంద్రగిరి దగ్గర పాత బావిలో పూడిక తీస్తుంటే దొరికిందనీ, రెండు వేల ఏళ్ల కిందటిదనీ, సముద్రం అడుగున దొరికిన, గ్రహాల కదలికలు చూపే గ్రీకుల ఆంటికిథెరా యంత్రం కన్నా ముందుదనీ మైకులో చెబుతారు. పిల్లలకు 30 రూపాయలు, పెద్దలకు 50 రూపాయలు టికెట్టు. వ్యవహారం టికెట్టుతో ఆగితే నేను పెన్ను పట్టుకునేవాణ్ణి కాదు. చూడటానికి వచ్చినవాళ్లలో కాస్త ఆసక్తిగా అడిగేవాళ్లను పక్కగదిలోకి పిలిచి, విదేశీ మ్యూజియం ఒకటి దీన్ని కోట్లకు కొనబోతోందనీ, అంతలోగా ల్యాబ్ పరీక్షల ఖర్చుకు వాటా వేస్తే పదింతలు తిరిగొస్తుందనీ చెబుతున్నారు. అసలు బేరం అక్కడ.

యంత్రాన్ని నేను గాజు బయటి నుంచే చూశాను. ముట్టుకోనివ్వరు. ‘సామీ, శక్తి పోతుంది, దూరంగా నిలబడండి’ అంటారు. అయినా రోజంతా గేర్లతో బతికేవాడికి గాజు పెద్ద అడ్డం కాదు. ఫోనులో తీసిన ఫొటోలను పెద్దవి చేసి పళ్ళు లెక్కపెట్టాను. మొత్తం ఐదు చక్రాలు: 20, 40, 40, 60, 80 పళ్ళవి. వెనక అద్దం పెట్టారు కాబట్టి లోపల ఇంకేమీ దాగి లేవని కూడా తెలుస్తుంది. పంటి వంపు చూస్తే గేర్లు కోసే ఈనాటి మాడ్యూల్ కట్టరుతో కోసినదే. ఆ వంపును ఇన్వల్యూట్ అంటారు. గేర్లకు అది పనికొస్తుందని లెక్కకట్టినవాడు స్విట్జర్లాండు గణితవేత్త ఆయిలర్, 18వ శతాబ్దం మనిషి. ఒక ఇరుసు చివర, చక్రం జారిపోకుండా బిగించే లోహపు రింగు, సర్‌క్లిప్ ఉంది. దానికి పచ్చరంగు పూశారు గానీ, క్లిప్పు చెవుల్లో ప్లయరు దూర్చే రెండు చిన్న రంధ్రాలు అలాగే ఉన్నాయి. మా కుర్రాడు కూడా ఫొటో చూసి నవ్వాడు, ఆటోనగర్‌లో ఏ షాపులోనైనా దొరికే సరుకది.

చిలుము సంగతి మరీ అన్యాయం. ఏళ్ల తరబడి నీళ్లలో, మట్టిలో ఉన్న ఇత్తడికి చిలుము సందుల్లో మందంగా, ఒరిపిడి తగిలేచోట పలచగా, ఎక్కడికక్కడ తేడాగా పడుతుంది. ఇక్కడ కనబడే ముఖాల మీద పచ్చగా పూసి ఉంది. పళ్ళ మధ్య గాడుల్లో మాత్రం ఇత్తడి పసుపుగా మెరుస్తోంది.

ఇక అది చూపిస్తానంటున్న గ్రహాల లెక్క. చంద్రుడు ఏడాదిలో ఆకాశాన్ని పదమూడుసార్లకు పైగా చుట్టి వస్తాడు. సూర్యుడి ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడి ముల్లు పదమూడు చుట్లు దాటాలన్నమాట. ఆ ఐదు చక్రాలను ఇరుసుల మీద ఎటు మార్చి కలిపినా వేగం ఆరు రెట్లు దాటదు. కాగితం మీద ఎవరైనా వేసి చూడొచ్చు: 80ని 20తో, 60ని 40తో భాగించి రెండూ గుణించండి. ఆరే. శని ఒక చుట్టు తిరగడానికి దాదాపు 29.5 ఏళ్లు పడుతుంది, ఆ ముల్లు కూడా దీంట్లోనే ఉందట!

చివరిది, అక్షరాలు. యంత్రం అడుగు భాగంలో ‘రవి, చంద్ర, గురు, శని’ అని తెలుగులో చెక్కారు, ఈనాటి తలకట్టుతో, మనం రాసే గుడులతో సహా. రెండు వేల ఏళ్ల కిందట మన ప్రాంతంలో రాత ఉంటే అది బ్రాహ్మి. తెలుగు భాషలో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం, పక్కనున్న కడప జిల్లాలోనిది, క్రీ.శ. 575 ప్రాంతానిది. ఆ అక్షరాలను ఇప్పుడు మనలో ఎంతమంది చదవగలం? ఈ యంత్రం మీదివి మాత్రం ఒకటో తరగతి పిల్లవాడు చదివేస్తున్నాడు.

ఈ అనుమానాలు అడిగితే వాళ్ల దగ్గర ఒకే జవాబు సిద్ధంగా ఉంది. ‘గ్రీకు యంత్రాన్ని కూడా మొదట ఎవరూ నమ్మలేదు, మీరూ అంతే.’ చదువుకున్నవాళ్లు సైతం ఈ మాటకు తగ్గిపోతున్నారు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

నిజమే, ఆంటికిథెరా యంత్రాన్ని మొదట చాలామంది నమ్మలేదు. 1900లో తుఫానుకు ఆగిన సముద్రపు స్పాంజీల కోసం గాలించే పడవవాళ్లకు ఆ గ్రీకు దీవి పక్కన సముద్రం అడుగున మునిగిన ఓడ కనబడింది. తర్వాతి ఏడాది విగ్రహాలు, కుండలతో పాటు తుప్పు పట్టిన కంచు ముద్దలు బయటికి వచ్చాయి. 1902లో ఒక ముద్దలో పళ్ళ చక్రం ఉందని స్టయిస్ అనే పురావస్తు పండితుడు గుర్తించాడు. అంత పాత కాలంలో ఇలాంటి పనితనం ఉండదు, తర్వాతి కాలపు వస్తువు ఏదో ఆ ఓడ మీద వచ్చి పడి ఉంటుందని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ అనుమానం ఎలా తీరిందన్నదే మనకు కావలసింది.

దొరికిన చోటు ఎక్కడో అందరికీ తెలుసు. ఎవరైనా మళ్లీ వెళ్లి చూడొచ్చు. 1976లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు కూస్తో బృందం వెళ్లింది కూడా. వాళ్లు పైకి తెచ్చిన పెర్గమోన్, ఎఫెసస్ అనే పాత నగరాల నాణేలు ఓడ మునిగిన కాలం క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దమని చెప్పడానికి సాక్ష్యమయ్యాయి. డెరెక్ డి సోలా ప్రైస్ అనే విజ్ఞాన చరిత్రకారుడు 1950ల నుంచి ఆ ముక్కల మీద పనిచేసి, కరకలోస్ అనే గ్రీకు భౌతికశాస్త్రవేత్త తీసిన ఎక్స్‌రే ఫొటోల సాయంతో 1974లో తన పరిశోధన అచ్చు వేశాడు. అందులో కొన్ని తప్పులున్నాయి, తర్వాతివాళ్లు దిద్దారు. 2005లో ఆ ముక్కలను ఏథెన్స్ మ్యూజియం బయటికి పంపే వీలు లేదని, సుమారు ఎనిమిది టన్నుల ఎక్స్‌రే స్కానర్‌ను ఇంగ్లండు నుంచి మ్యూజియంకే మోసుకొచ్చారు. 82 ముక్కలు, మిగిలిన 30 చక్రాలు, మూడు వేలకు పైగా చెక్కిన అక్షరాలు. 2006లో ఫలితాలు ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో అందరి ముందూ పెట్టారు.

అక్కడి పళ్ళ లెక్క చూస్తే నాబోటివాడికి ఒళ్లు పులకరిస్తుంది. ఒక చక్రానికి 223 పళ్ళు. గ్రహణాలు ఇంచుమించు అదే వరసలో తిరిగొచ్చేది 223 చాంద్రమాసాలకు. ఇంకో చక్రానికి 127. చంద్రుడు 19 ఏళ్లలో ఆకాశాన్ని 254 సార్లు చుడతాడు, అందులో సగం 127. మా లేత్ మీద కూడా 127 పళ్ళ గేరు ఒకటి ఉంటుంది, అంగుళాల లెక్కన ఉన్న లేత్ మీద మిల్లీమీటరు లెక్కన మరలు కోయడానికి. దాన్ని మామూలుగా, చక్రాన్ని సమభాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్‌తో కోయలేం, వేరే గేర్లు జతచేసి తిప్పలు పడాలి. ఆకురాయి పట్టుకుని చేత్తో 127 పళ్ళు తీసిన మనిషి అది ఊరికే తీయడు. ఆ పళ్ళు ఇంచుమించు త్రికోణాలు. ఒకటి కాస్త వెడల్పు, ఒకటి కాస్త ఇరుకు. చేతి పని అలాగే ఉంటుంది.

వాదన అక్కడ ఇప్పటికీ ఆగలేదు. ఆ యంత్రంలో రోజులు లెక్కించే క్యాలెండరు కడియంలో రంధ్రాలు 365 ఉండేవా, 354 ఉండేవా అన్నది ఇంకా తేల్చుకుంటున్నారు. 2024లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు రంధ్రాల మధ్య దూరాలు గణించి 354 వైపు మొగ్గారు. అంటే చాంద్రమాన సంవత్సరం. ఎవరూ ‘శక్తి పోతుంది’ అనలేదు.

మన దగ్గర కూడా ఇలాంటి పని జరిగింది. ప్రాచీనమని చెప్పుకునే వైమానిక శాస్త్రం అనే గ్రంథంలోని విమానాల గురించి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పండితులు ఐదుగురు 1974లోనే పరిశీలించి, ఆ యంత్రాలు ఎగరలేవనీ, గ్రంథం 1904కు ముందుది కాదనీ కారణాలతో సహా రాశారు. తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. చదివారు, లెక్క వేశారు, సంతకం పెట్టారు. అలాంటి సంతకమే మీ నుంచి కోరుతున్నాను.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో చెబుతాను.

1. డబ్బు పోతోంది. మా వీధిలో టిఫిన్ బండి పెట్టుకునే ఒక అక్క, కూతురి పెళ్లికని దాచిన గాజులు తాకట్టు పెట్టి 80,000 రూపాయలు ‘వాటా’ కట్టింది. రసీదు చూపించమంటే తెచ్చింది. మామూలు తెల్లకాగితం, రబ్బరు ముద్ర, మధ్యలో ‘విరాళం’ అని రాసి ఉంది. వాటా అని ఎక్కడా లేదు. విరాళం తిరిగి ఇమ్మని ఏ స్టేషన్‌లో అడగాలి? నెలనెలా వడ్డీ మాత్రం ఆమే కట్టుకుంటోంది. ఈ మోసం మనకు కొత్త కాదు. పిడుగు పడ్డ రాగి చెంబు బియ్యపు గింజలను లాగుతుంది, నాసావాళ్లు కొంటారంటూ నడిచిన ‘రైస్ పుల్లర్’ దందా మన సరిహద్దు ఊళ్లకు బాగా తెలుసు. 2018లో ఢిల్లీలో ఇదే కథ చెప్పి ఒక వ్యాపారి దగ్గర కోటికి పైగా లాగిన తండ్రీకొడుకులను పోలీసులు అరెస్టు చేశారు. అప్పుడూ ల్యాబ్ పరీక్షల ఖర్చు పేరే చెప్పారు. చెంబు పోయి చక్రాలు వచ్చాయంతే.

2. పిల్లలు అడగడం మానేస్తున్నారు. ఒక స్కూలు పిల్లలు వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ‘అంకుల్, బావిలో అన్నేళ్లుంటే ఆ నట్టు అంత మెరుస్తుందేం?’ అని అడిగింది. చెప్పే ఆయన మైకు పక్కకు తిప్పుకున్నాడు. వెంట వచ్చిన టీచరమ్మ ‘ష్, లైన్‌లో నిలబడు’ అంది. సైన్స్ పాఠం అంతా కలిపి నేర్పేది ఆ ఒక్క ప్రశ్న అడగడమే కదా తల్లీ! మరుసటి రోజు ఆ పిల్లలతో ‘మన ప్రాచీన గ్రహ యంత్రం’ మీద వ్యాసం రాయించారట.

3. పాత బావులు, గుళ్లు తవ్వేవాళ్లకు ఇది ఊతమవుతోంది. గుప్తనిధుల పేరుతో మన ప్రాంతంలో శిథిల ఆలయాల కింద ఎంత తవ్వారో మీకు నేను చెప్పాలా? బావిలో దొరికిన ఇత్తడికి కోట్లు వస్తాయని మైకులో చెబితే రేపు ఎన్ని గుళ్ల పునాదులు కదులుతాయో! నిజంగా ఏదైనా దొరికినవాడు కూడా తహసీల్దారు దగ్గరికి పోడు, ఇలాంటివాళ్ల దగ్గరికే పోతాడు.

4. నిజంగా మనవైన వాటి మీద నమ్మకం పోతోంది. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్లలో వదిలితే 24 నిమిషాలకు మునుగుతుంది. అదొక ఘడియ, రోజుకు అరవై. ఆ ఘటికా యంత్రం మనది. నీళ్లు, నూనె, పాదరసంతో తిరిగే గోళం గురించి ఆర్యభటీయంలో ఉంది, క్రీ.శ. 499 నాటిది. జైపూర్‌లో నక్షత్రాలు, గ్రహాలు చూసే వేధశాల జంతర్ మంతర్ ఇప్పటికీ నిలబడి ఉంది. రేపు ఈ బొమ్మ గుట్టు బయటపడ్డాక, చూసి మోసపోయిన పిల్లవాడు వీటిని కూడా ‘అదీ అలాంటిదేలే’ అంటాడు. వాడి తప్పు కాదు.

మీలో కొందరితో నేను మాట్లాడాను. కాఫీ తాగుతూ ‘అంతా బోగస్’ అని మీరే అన్నారు. రాసివ్వమంటే ‘ఎందుకు సార్ లేనిపోని టెన్షన్, మనోభావాలు అంటారు’ అన్నారు. భయం అర్థం కాక కాదు. కానీ 2017 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే. ఐఐటీ ఉంది, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఉంది, గాదంకిలో వాతావరణ పరిశోధనాలయం ఉంది, అలిపిరి దారిలో సైన్స్ సెంటర్ ఉంది. ఇంతమంది పండితులున్న చోట ఒక సర్‌క్లిప్ గురించి చెప్పడానికి లేత్ మెకానిక్ కావలసి వచ్చింది. గుడిమల్లం లింగం కాలం గురించి పండితులు శతాబ్దాల తేడాతో వాదించుకుంటున్నారు. దానివల్ల ఎవరి భక్తి తగ్గింది? ఇవాళ్టికీ పూజలు జరుగుతూనే ఉన్నాయి.

అధికారులకు ఒక మాట. ఈ వ్యవహారం ఏ శాఖదో తెలియదనడానికి వీల్లేదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచితే జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి వాళ్లు చెప్పేది నిజమైతే, బావిలో దొరికింది చెప్పకుండా విదేశాలకు అమ్మజూపడం ఒక నేరం. అబద్ధమైతే మోసం, అది ఇంకో నేరం. రెండింట్లో ఏది అన్నది తేల్చండి. ఎటు తేలినా కేసు ఉంది.

మేం కోరేవి:

1. ఆ వస్తువును గాజుపెట్టెలోంచి తీయించి, ఒక లోహశాస్త్ర నిపుణుడు, ఒక శాసన లిపి పండితుడు, గేర్లు తెలిసిన ఒక ఇంజనీరు కలిసి పరిశీలించాలి. వస్తువు పాతది కాకపోతే అది పురావస్తువు కాదని ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఆర్కియలాజికల్ సర్వేలో ఉంది. అది తెప్పించండి. నిజంగా పాతదే అయితే చంద్రగిరి కోటలోని మ్యూజియంలో పెట్టండి, నేనే టికెట్టు కొని వెళ్లి చూస్తాను.

2. దొరికిందంటున్న బావి ఏదో, సర్వే నంబరు ఎంతో, పూడిక తీసిన కూలీలు ఎవరో చెప్పించండి. పూడిక తీసినవాళ్లు గాలిలోంచి రారు, ఎవరో కూలి ఇచ్చి ఉంటారు.

3. ఇది తేలేవరకు స్కూళ్లు పిల్లలను తీసుకెళ్లకూడదని, ఆవరణల్లో ప్రదర్శనకు అనుమతి ఇవ్వకూడదని రెండు జిల్లాల విద్యాశాఖలు ఉత్తర్వు ఇవ్వాలి. రాయించిన వ్యాసాలకు బదులు ఆ పిల్లలకు ఆంటికిథెరా యంత్రం ఎలా తేలిందో ఒక పీరియడ్ చెప్పండి. సైన్స్ ఫెయిర్‌కు అట్టముక్కలతో గేర్లు చేసుకుంటామంటే మా వర్క్‌షాపు నుంచి కొలతలు నేనిస్తాను.

4. పేర్లు బయటపెట్టకుండా ఫిర్యాదు ఇచ్చే వీలు కల్పించాలి. ‘విరాళం’ రసీదులన్నీ ఒకచోట పోగేస్తే ఎంత వసూలైందో లెక్క తేలుతుంది, డబ్బు తిరిగి ఇప్పించే దారి దొరుకుతుంది. బంగారం తాకట్టు పెట్టినవాళ్లకు వేలం నోటీసులు రాకముందే ఇది జరగాలి.

5. అధ్యాపకులు, పండితులు మీ పేరుతో, తెలుగులో, ఒక్క పేజీ రాసివ్వండి. పెద్ద పెద్ద మాటలు వద్దు. చక్రాల పళ్ళు ఇన్ని, లిపి ఫలానా కాలానిది, లోహం ఫలానాది అంటే చాలు. ఆ పేజీని కాపీలు తీయించి మండపం గేటు దగ్గర పంచే పని మాది.

నా దగ్గరున్న ఫొటోలు, పళ్ళ లెక్క రాసుకున్న కాగితం, టిఫిన్ బండి అక్క ఒప్పుకుంటే ఆమె రసీదు నకలు, అడిగిన ఏ అధికారికైనా ఏ అధ్యాపకుడికైనా ఇస్తాను. పరీక్ష రోజున వెర్నియర్ క్యాలిపర్, భూతద్దం పట్టుకుని నేనూ వస్తాను, పిలిస్తే. ప్రదర్శన వచ్చే వారం చిత్తూరు వైపు వెళుతోందని పోస్టర్లు అంటించారు. అంతలోపు కదలండి.

ఇట్లు,
రేణిగుంట రోడ్డు లేత్ వర్క్‌షాపు కార్మికుడొకడు,
తిరుపతి